పుట్టింటి రసం చెట్టును దక్కించుకోవడం ఎలా?

ప్రశ్న: మా పుట్టిల్లు నూజివీడు దగ్గర పల్లె. పెళ్లయ్యాక రాజమహేంద్రవరంలో స్థిరపడ్డాం. పుట్టింటి దొడ్లో మా నాన్నగారు నాటిన పెద్దరసం చెట్టు ఉంది. నాన్నగారు ఇప్పుడు లేరు. అన్నయ్యలు ఆ స్థలం అమ్మేశారు. దసరా వెళ్లగానే కొన్నవాళ్లు చెట్లు కొట్టించి ఇల్లు మొదలుపెడతారట. ఆ కాయ నాకు పోగొట్టుకోవాలని లేదు. పోయిన వేసవిలో ఆ చెట్టు టెంకలు కుండీల్లో పెడితే నాలుగు మొలిచాయి, ఇప్పుడు మూరెడు ఎత్తున్నాయి. వాటికి అదే కాయ వస్తుందా? మా పెరట్లో పన్నెండేళ్ల టెంక మామిడి ఉంది. కాయ పులుపు, పీచు. కొట్టేద్దామంటున్నారు మావారు. దాని మీద నాన్నగారి చెట్టును అంటు కట్టొచ్చా? గేటు పక్కన మూడేళ్ల క్రితం నర్సరీ నుంచి తెచ్చి పెట్టిన బంగినపల్లి అంటు ఏపుగా పెరిగింది గానీ, అది అసలు బంగినపల్లేనా అని పక్కింటాయన అనుమానం. పుట్టింట్లో ఎర్రజామ కూడా ఉంది. దాన్నెలా తెచ్చుకోవాలి?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

సమాధానం:

అమ్మా, చెట్టు దక్కుతుంది. కాకపోతే దసరా దాకా వ్యవధి ఉంది కదా అని కూర్చోకండి. మన కోస్తాలో మామిడి అంటు బాగా పట్టేది వానలు కుదురుకుని గాలిలో తేమ నిలిచే రోజుల్లో. పునర్వసు కార్తె నుంచి మఖ దాకా, అంటే జులై మొదటి వారం నుంచి ఆగస్టు నెలాఖరు దాకా అనుకోండి. మీ ఉత్తరం మృగశిరలో చేరింది. పని ఈ వారమే మొదలుపెడితే, మొదటిసారి పట్టకపోయినా ఇంకో రెండుసార్లు ప్రయత్నించడానికి వీలుంటుంది.

కుండీల్లోని నాలుగు మొక్కలకీ నాన్నగారి చెట్టు కాయే వస్తుందని నమ్ముకోవద్దు. మామిడి పూత మీద ఈగలూ ఇతర పురుగులూ వాలి ఏ చెట్టు పుప్పొడి ఏ చెట్టుకు చేరుస్తాయో మనకు తెలియదు. మన రసాలు, బంగినపల్లి లాంటి రకాల్లో టెంకలోని జీడికి ఒకే పిండం ఉంటుంది. అది తల్లి చెట్టు లక్షణాలూ ఆ తెలియని తండ్రి చెట్టు లక్షణాలూ కలిసి పుట్టింది. మంచి కాయ రావచ్చు, పెరట్లో ఉన్నదానిలా పులుపూ పీచూ రావచ్చు. అది తెలియడానికే ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు పడుతుంది. పడమటి కోస్తాలో ఒలూర్, చంద్రకరన్ లాంటి కొన్ని రకాల టెంక నుంచి నాలుగైదు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు తల్లినే పోలి ఉంటాయి. మన రసాలకు ఆ గుణం లేదు. మనం పేరు పెట్టి పిలుచుకునే మామిళ్లలో చాలావరకు ఇలా ఎక్కడో ఒక్క టెంక మొక్కగా పుట్టి, కాయ నచ్చినవాళ్లు కొమ్మ కోసి అంటు కట్టుకుంటూ రాగా నిలిచినవే. నంద్యాల జిల్లా బనగానపల్లె పేరు మోసి, 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న బంగినపల్లి కూడా అంతే. ఏ తోటలో చూసినా అవి అంటు చెట్లే. అందుకని మీరు తెచ్చుకోవలసింది నాన్నగారి చెట్టు కొమ్మ.

అలాగని ఆ నాలుగు మొక్కలూ వృథా అనుకోకండి. ఏడాది వయసు, పెన్సిలు లావు కాండం, బాగా పాకిన వేరు. అంటు కట్టడానికి అంతకన్నా ఏం కావాలి? ఆ చెట్టు బిడ్డల వేళ్ల మీదే ఆ చెట్టు కొమ్మను నిలబెట్టుకుంటారు. అయితే నాలుగు చాలవు. ఎంత చెయ్యి తిరిగినవాళ్లు కట్టినా కొన్ని పోతాయి. మరో పది పదిహేను టెంకలు ఇప్పుడే వెయ్యండి. ఏ చెట్టువైనా ఫరవాలేదు. పుల్లటి నాటు మామిడి టెంకలైతే మొక్క గట్టిగా వస్తుంది, అవి మీ పెరట్లోనే దొరుకుతాయి. మామిడి టెంక వడ్లలా నిలవ ఉండేది కాదు, కొద్ది వారాల్లోనే మొలక శక్తి పోతుంది. కాయ తిన్న నాలుగైదు రోజుల్లో పెట్టెయ్యాలి. పైపెంకు కత్తెరతో జాగ్రత్తగా తెరిచి, లోపల పురుగు లేని జీడిని మాత్రమే ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపిన సంచుల్లో పెడితే మొలక తొందరగా, నిటారుగా వస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది కొమ్మ ఎంపిక. చాలామంది కత్తి పట్టడం ఎలాగో నేర్చుకోవడానికి తాపత్రయపడి, కొమ్మ దగ్గర పొరపాటు చేస్తారు. ఏదో ఒక పచ్చి కొమ్మ విరిచి తెచ్చి కడితే వారంలో నల్లబడిపోతుంది. మీకు కావలసినవి ఈ ఏడు పూత రాని, కాయ కాయని కొమ్మల చివర్లు. ఎండ బాగా తగిలే వైపువి. వయసు మూడు నాలుగు నెలలు. ఆకు లేత రాగి రంగు దాటి ముదురాకుపచ్చకు తిరిగి ఉండాలి. పుల్ల గుండ్రంగా, పెన్సిలు లావున, ఇంకా పచ్చగానే ఉండాలి, బూడిద రంగు బెరడు పట్టకూడదు. ఆకుల మీద మచ్చలు, కొమ్మ మీద పొలుసు పురుగు ఉంటే అది వదిలెయ్యండి.

అలాంటి చివర్లు పాతిక ముప్పై చూసుకుని, ఒక్కోదానికి గుడ్డ పీలిక కట్టి గుర్తు పెట్టించండి. తరవాత చెట్టు మీద ఉండగానే వాటి ఆకులు కత్తిరించాలి. ఆకు మాత్రమే కోసి కాడ అలాగే ఉంచాలి. ఎనిమిది పది రోజుల్లో ఆ కాడలు వేలు తగిలితే రాలిపోయేలా పండుతాయి, చివరి మొగ్గ ఉబ్బుతుంది కానీ విచ్చుకోదు. కొమ్మ కొయ్యవలసింది సరిగ్గా అప్పుడు. ఆకులు ఉన్నంతకాలం నీరు ఆవిరైపోతూ ఉంటుంది. ఆకు తీసేస్తే కొమ్మలోని సత్తువంతా మొగ్గలోకి చేరి, కట్టగానే చిగురించడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ పది రోజుల పని చెయ్యకపోవడం వల్ల పోయే అంట్లే ఎక్కువ. నూజివీడుకు రెండు ప్రయాణాలు తప్పవు. మొదటిది మీ అన్నయ్యల్లో ఎవరినైనా అడిగి చేయించుకోవచ్చు, రెండోదానికి మాత్రం మీరే వెళ్లండి.

చెట్టు ముసలిదైతే చివర్లు సన్నగా, గుప్పెడంత పొడవు మాత్రమే ఉండొచ్చు. అలా ఉంటే కాయ కోత అయిపోయిన వెంటనే ఎండ తగిలే నాలుగైదు కొమ్మలను రెండు మూడడుగులు వెనక్కి కోయించండి. వాటి నుంచి వచ్చే కొత్త రెమ్మలు బలంగా ఉంటాయి, ఆఖరి విడత అంటుకి అక్కరకొస్తాయి. ఎలాగూ పోయే చెట్టే కాబట్టి కోతకు వెనకాడనక్కర్లేదు.

కోసిన పుల్లలు జానెడు పొడవుంటే చాలు. తడి గోనెపట్టాలో చుట్టి, పైన అరటి దొప్ప వేసి, ఎండ తగలకుండా తీసుకురండి. కారు డిక్కీలో వేడికి ఉడికించకండి. అలా చుట్టినవి రెండు మూడు రోజులు ఆగుతాయి గానీ, పొద్దున్న కోసి సాయంత్రం కడితే ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది.

కట్టే విధానం చెబుతాను. కుండీలోని మొక్కను నేల నుంచి జానెడు ఎత్తున, కాండం మరీ ముదరని చోట అడ్డంగా కొయ్యండి. కోతకు కింద నాలుగైదు ఆకులు ఉంచండి. కొత్త బ్లేడుతో కాండం మధ్యలో నిలువుగా ఒకటిన్నర అంగుళం చీల్చండి. పుల్ల అడుగున రెండు వైపులా అంతే పొడవున ఏటవాలుగా చెక్కితే చీలలా తయారవుతుంది. ఒక్కో వైపు ఒకే లాగుడుతో చెక్కాలి, గీకకూడదు. చెక్కిన భాగానికి వేలు తగలనివ్వకండి. సొన కారితే శుభ్రమైన గుడ్డతో అద్దెయ్యండి, బ్లేడు కూడా ప్రతి మొక్కకీ తుడుచుకోండి. చీలను చీలికలోకి దించేటప్పుడు బెరడుకీ చెక్కకీ మధ్య ఉండే సన్నటి పచ్చటి పొరను చూసుకోండి. కేంబియం అంటారు దాన్ని. అతుక్కునేది ఆ పొరే, లోపలి చెక్క కాదు. పుల్ల, కాండం ఒకే లావున ఉంటే రెండు పక్కలా కలుస్తుంది. పుల్ల సన్నగా ఉంటే మధ్యలో పెట్టకుండా ఒక పక్కకు జరిపి, ఆ పక్కైనా పొరతో పొర కలిసేలా చూడండి. తరవాత వేలెడు వెడల్పు పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి బిగించి చుట్టండి. గాలీ నీళ్లూ దూరకూడదు. పైన పుల్ల ఐసుకు వాడేలాంటి సన్నటి పొడుగాటి కవరు తొడిగి, అతుకు కింద దారంతో కట్టెయ్యండి. లోపల తేమ నిలిచి పుల్ల వాడిపోకుండా ఉంటుంది.

కుండీలు చెట్టు నీడలో పెట్టి, మట్టి తడిగా ఉంచండి. రెండు మూడు వారాల్లో మొగ్గ కదులుతుంది. చిగురు కవరును తాకుతోంది అనిపించినప్పుడు సాయంత్రం పూట కవరు తీసెయ్యండి, మధ్యాహ్నం తీస్తే ఆ ఎండకు చిగురు మాడుతుంది. పాలిథిన్ పట్టీని మాత్రం రెండు మూడు నెలల దాకా కదపొద్దు. చిగురొచ్చింది కదా అని విప్పి చూస్తే అతుకు విడిపోతుంది. అతుకుకు కింద వచ్చే చిగుళ్లను వారం వారం గిల్లెయ్యండి. పుల్ల నల్లబడితే ఆ అంటు పోయినట్టే, మొక్క మాత్రం పోదు. కింది నుంచి మళ్లీ చిగురు వేస్తుంది, రెండో విడతలో దాని మీదే కట్టుకోవచ్చు. ఇప్పుడు వేసిన టెంకలు జులైలో మొలిచాక, ఆకులు ఇంకా రాగి రంగులో ఉండగానే, మొలకెత్తిన పదిహేను రోజుల్లోపే ఇదే పద్ధతిలో కట్టొచ్చు. కాండం లేతది కాబట్టి పుల్ల కూడా సన్నది ఎంచుకోవాలి, చేత్తో గట్టిగా నొక్కకూడదు.

చెయ్యి తిరగడానికి ముందుగా మీ పుల్లటి మామిడి కొమ్మలు కోసుకుని, ఇంట్లో కూర్చుని చెక్కి అతికి చూడండి. రెండు వైపులూ సందు లేకుండా కలిసేదాకా అసలు పుల్లలు ముట్టుకోవద్దు. మీకు కడియం పక్కనే ఉంది. అక్కడి నర్సరీల్లో రోజంతా అంట్లు కట్టడమే పనిగా ఉన్నవాళ్లుంటారు. పుల్లలు తెచ్చే రోజు ముందే మాట్లాడుకుని ఒకరిని ఇంటికి పిలిపించుకుంటే గంటలో అన్నీ కట్టేస్తారు. నా సలహా ఏమిటంటే సగం వారి చేత కట్టించి, సగం మీరు కట్టండి. నాన్నగారి చెట్టు కదా, మీ చేతి మొక్క ఒకటైనా నిలిస్తే ఆ తృప్తి వేరు. మొక్కల్ని కుండీలతో సహా చెట్టు దగ్గరకు తీసుకెళ్లి, కొమ్మతో జతకట్టి రెండు మూడు నెలలు ఉంచే పాత పద్ధతి కూడా ఉంది. అది బాగా పడుతుంది కానీ, రోజూ నీళ్లు పోసే మనిషి అక్కడ ఉండాలి. మీ పరిస్థితిలో కుదిరే పని కాదు.

ఇక పెరట్లోని పన్నెండేళ్ల చెట్టు. దాన్ని కొట్టించకండి. పన్నెండేళ్ల వేరు వ్యవస్థ మీకు ఉచితంగా సిద్ధంగా ఉంది. దాని మీద కట్టిన అంటు రెండు మూడేళ్లలో కాపుకొస్తుంది. కానీ చెట్టు మొత్తం ఒక్కసారి మోడు చెయ్యొద్దు. ఈ ఏడు రెండు పెద్ద కొమ్మలే, మనిషి ఛాతీ ఎత్తులో, రంపంతో ఏటవాలుగా కోయించండి. బరువుకు బెరడు చీలకుండా ముందు కింది నుంచి కొంత కోసి, తరవాత పై నుంచి కొయ్యాలి. మిగతా కొమ్మలు ఆకులతో ఉంటేనే వేళ్లకు తిండి అందుతుంది. వానాకాలం కోత కాబట్టి కోసిన చోట బోర్డో పేస్టు తప్పనిసరి. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, వంద గ్రాముల సున్నం మరో అర లీటరులో ప్లాస్టిక్ పాత్రల్లోనే కరిగించి, రెండూ కలిపి కుంచెతో పుయ్యండి. ఇనప పాత్ర వాడకూడదు. నీడ పోయిన కాండానికి సున్నం కొట్టిస్తే ఎండకు బెరడు పగలదు. కోసిన మామిడిని కాండం తొలిచే పురుగు వెతుక్కుంటూ వస్తుంది. బెరడు మీద రంధ్రం, రంపపు పొట్టు లాంటి పొడి కనిపిస్తే ఆ రోజే ఇనప చువ్వతో పురుగును లాగెయ్యాలి.

నెల, నెలన్నరలో మోడు చుట్టూ బోలెడు రెమ్మలు వస్తాయి. ఒక్కో మోడుకు బయటి వైపు తిరిగిన నాలుగు బలమైనవి ఉంచి మిగతావి తీసెయ్యండి. అవి రాగి రంగు పోయి పచ్చబడుతున్నప్పుడు, ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో, కుండీలో కట్టినట్టే కట్టొచ్చు. రెమ్మలు ఆలస్యంగా వచ్చి దసరా దాటిపోతే కంగారు పడకండి. కుండీల్లో నాలుగు అంట్లు బతికితే చాలు, వచ్చే ఏడాది వాటి నుంచే పుల్లలు తీసి పెద్ద చెట్టు మీద కట్టుకోవచ్చు. అందుకే ముందు కుండీలు, తరవాతే పెద్ద చెట్టు. మోడు మీద కట్టిన రెమ్మలు వేగంగా బరువెక్కి గాలికి అతుకు దగ్గర విరుగుతాయి. రెండేళ్లపాటు వెదురు బద్దకు కట్టి ఉంచండి.

ఒక కొమ్మను మాత్రం ఎప్పటికీ అలాగే వదిలెయ్యమంటాను. పులుపూ, పీచూ, గట్టి కండా ఉన్న కాయను ఆవకాయకు వెతికి వెతికి కొనుక్కుంటాం. మీ పెరట్లో అది ఉంది! ఒకే చెట్టు మీద ఆవకాయ కాయా రసం కాయా రెండూ కాయిస్తే కాదనేదెవరు? ఉత్తరప్రదేశ్ మలీహాబాద్‌లో హాజీ కలీముల్లా ఖాన్ గారు ఒక్క చెట్టు మీద మూడు వందలకు పైగా మామిడి రకాలు అంటు కట్టారు. 2008లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. మీకు రెండు రకాలే కాబట్టి చూసుకోవలసింది ఒక్కటే. పాత చెట్టు కొమ్మ జోరుగా పెరిగి అంటు కొమ్మలకు ఎండ తగలకుండా కమ్మేస్తుంది. ఏటా కాయ కోత అయ్యాక దాన్ని కత్తిరించి అదుపులో పెట్టండి.

గేటు దగ్గరి మొక్క విషయంలో పక్కింటాయన అనుమానం నిజమే కావచ్చు. మొదలు దగ్గర కూర్చుని కాండం చూడండి. నేల నుంచి జానెడు ఎత్తులోపు చిన్న వంపో, బుడిపో, బెరడు రంగు మారిన గీతో కనిపిస్తుంది. అదే అతుకు. ఏపుగా పెరిగిన కొమ్మ దానికి పై నుంచి వచ్చిందా, కింది నుంచి వచ్చిందా? కింది నుంచి వస్తే అది అడుగున ఉన్న టెంక మొక్క కొమ్మే, బంగినపల్లి కాదు. పైన అంటు కొమ్మ బక్కగానైనా బతికుంటే, కింది దాన్ని మొదలంటా కోసేసి పేస్టు పూసి, అంటు కొమ్మకు వెలుతురు ఇవ్వండి, కోలుకుంటుంది. అంటు కొమ్మ ఎండిపోయి ఉంటే విచారించకండి, నేలలో పాతుకున్న మూడేళ్ల వేరు మొక్క దొరికినట్టే. దాన్ని నడుము ఎత్తున కోసి, వచ్చే రెమ్మల మీద పెద్దరసం కట్టండి. మొక్క నాటేటప్పుడు అతుకు మట్టిలో కప్పబడిపోయి ఉంటే చుట్టూ మట్టి తీసి పైకి తేలేలా చెయ్యండి.

బతికిన అంట్లను ఈ ఏడంతా కుండీల్లోనే పెంచి, వచ్చే తొలకరికి నేలలో నాటండి. గోడకూ ఇంటికీ కనీసం పదిహేను అడుగుల దూరం, మూడడుగుల గొయ్యి. పెద్దరసం పెద్ద చెట్టవుతుంది, దాన్ని పొట్టిగా ఉంచుకోవాలంటే మొదటి ఏడాది నుంచే తల తుంచుతూ రావాలి. పుల్ల ముదురు చెట్టుది కాబట్టి మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడే పూత పూయొచ్చు. మనసు రాకపోయినా మూడేళ్ల దాకా ఆ పూత తుంచెయ్యండి, లేకపోతే మొక్క అక్కడే గిడసబారుతుంది. అంట్లు మీ అవసరానికి మించి బతికితే అన్నయ్యలకు తలా ఒకటి ఇవ్వండి. ఒకే చోట ఉన్న చెట్టుకు గాలివాన భయం ఎప్పుడూ ఉంటుంది.

నూజివీడులోనే ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధన స్థానం ఉంది. పుల్లల కోసం వెళ్లిన రోజు కాయా, ఆకూ పట్టుకెళ్లి వారికి చూపించండి. ఆ చెట్టుకు తెగులు ఏమైనా ఉంటే అక్కడే తెలుస్తుంది.

ఎర్రజామకు ఇంత శ్రమ లేదు, గాలి అంటు చాలు. జులైలో పెన్సిలు లావు కొమ్మ చూసి, చివరి నుంచి మూర కిందగా అంగుళం పైచిలుకు మేర బెరడు ఉంగరంలా ఒలిచెయ్యండి. లోపలి జిగట పొర గోటితో గీకేసి, తడిపి పిండిన కొబ్బరి పీచు పొట్టు గుప్పెడు చుట్టూ పెట్టి, పాలిథిన్ కాగితంతో రెండు కొసలూ గట్టిగా కట్టాలి. రెండు నెలల్లోపు కాగితంలోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అవి గోధుమ రంగుకు తిరిగాక, పీచు కిందగా కోసి, సగం ఆకులు తీసేసి కుండీలో పెట్టండి. దసరాకు ముందే చేతికొస్తుంది. మామిడికి కూడా ఇలాగే చేద్దామని చూడకండి, దానికి ఈ పద్ధతిలో వేళ్లు పట్టడం కష్టం.